అన్నం పెట్టిన ఊరు
(ప్రతిష్ఠా మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

   

‘మన విజయనగరం మనకెందుకింత ప్రియం?’ అన్న విషయంపై నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యనిర్వాహకులు ఆదేశించారు. విషయం తేలికైనదే కాని, సమాధానం అంత తేలిక కాదు. అడిగిన ప్రతివారూ మొదట కోట పేరు చెబుతారు. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమినాడు, జయవారమని పేరున్న మంగళవారం పునాది పడిన కోట అది. పిదప గంటస్తంభం, పెద్దచెరువు, అయ్యకోనేరు. 1892లో కన్యాశుల్కం మొట్టమొదట ప్రదర్శితమైన గడ్డ ఇదని గురజాడవారిని తలచుకునేవారు మరికొందరు. ఇవన్నీ గర్వకారణాలే. అయితే, గర్వకారణమైనదల్లా ప్రేమకు కారణం కాదని నా అభిప్రాయం. కోటను చూసి ఊరిని మెచ్చుకుంటాం. ప్రేమించడానికి మరొకటి కావాలి. అది నాకు ఈ ఊరి వంటయిళ్లలో కనబడుతుంది.

1919లో మహారాజు విజయరామ గజపతివారు ఇక్కడ గాన పాఠశాలను స్థాపించారు. ఆస్థానోద్యోగి ఒకరి కుమారుడు, అంధుడైన బాలునికి సంగీతం నేర్పించవలెనన్న తలంపు దానికి మూలమని మన పెద్దలు చెబుతారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. విద్యార్థిగా చేరుదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనం విన్న పిమ్మట, ఆయనను విద్యార్థిగా కాక ఆచార్యులుగానే నియమించారు. అప్పటికాయన వయసు ఇరవైయారేళ్లు. 1936లో ఆయనే అధ్యక్షులైనారు. అర్జీ పట్టుకుని వచ్చిన కుర్రవానిలో గురువును గుర్తించగల చెవి ఆనాటి మన ఊరికి ఉన్నది!

పాఠశాల పెట్టినది మహారాజు, పాఠం చెప్పినది మహావిద్వాంసులు. మరి దూరప్రాంతాల నుంచి చేత పైసా లేక వచ్చిన పిల్లలకు అన్నం పెట్టినదెవరు? ఊరు పెట్టింది. వారాలు చెప్పుకోవడమంటే నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు, ఇలా ఏడు ఇళ్లలో ఏడు రోజులు భోజనం. ఆ ఆధారమూ లేనివాడు మాధుకరానికి బయలుదేరేవాడు. జోలె పట్టి, ‘భవతి భిక్షాం దేహి’ అంటూ వాకిట నిలబడితే, ఇల్లాలు వండినదానిలో ఒక ముద్ద తెచ్చి వేసేది. తుమ్మెద పూవు పూవునా తేనె తెచ్చుకున్నట్లు నాలుగిళ్ల ముద్దలు కలిస్తే ఆ పూట గడిచేది.

కృష్ణాతీరం నుంచి వచ్చి, అలా జోలె పట్టిన బాలుడొకడు ఉండేవాడు. ఆ బాలుడే ఘంటసాల వెంకటేశ్వరరావు. పట్రాయని సీతారామశాస్త్రిగారు సంపన్నులేమీ కారు. అయినా తమ ఇంట ఉచితంగా విద్య చెప్పారు. ఆ బాలునికి అన్నం పెట్టిన తల్లులలో ‘కళావర్ రింగు’గా ప్రసిద్ధి చెందిన సరిదె లక్ష్మీనరసమ్మగారు ఒకరని ఊరు నేటికీ చెప్పుకుంటుంది. ఇక్కడ ఒక మాట దాచకూడదు. వారాల పద్ధతి కులం గీతలు దాటినది కాదు. ఎవరి పిల్లలకు ఎవరింట విస్తరి వేస్తారన్నది ముందే నిర్ణయమై ఉండేది. అటువంటి రోజులలో, కళావంతుల కుటుంబానికి చెందిన ఒక గాయని చేతి అన్నాన్ని ఊరు ఇంత ఆప్యాయంగా తలచుకోవడం చిన్న విషయం కాదు.

పిదప ఘంటసాలవారి గళం తెలుగునాట ఇంటింటా ధ్వనించింది. గురువుగారి కుమారులు సంగీతరావుగారు మద్రాసులో ఆయనకు సంగీత సహాయకులుగా, హార్మోనియం విద్వాంసులుగా చిరకాలం తోడుగా నిలిచారు. విజయనగరంలో ఒక ఇంట మొదలైన బంధం 1974లో ఆయన కన్నుమూసేదాకా తెగలేదు.

ఇక దాతలకొక విన్నపం. మన ఆలయ ప్రాంగణంలో శిలాఫలకం మీద మీ పేర్లు చెక్కించారు. అది సముచితమే. నాకు తెలిసి, పేరు తప్పుపడితే కొంచెం నొచ్చుకున్నవారూ ఉన్నారు! కాని ఘంటసాలకు ముద్ద వేసిన ఇల్లాళ్లందరి పేర్లు మనలో ఎవరు చెప్పగలరు? ఒకటో రెండో మిగిలాయి. తక్కినవారి వీధులు కూడా తెలియవు. ఆ తల్లులు పెట్టినది సంగీతవిద్వాంసునికి కాదు, ఆకలితో వాకిట నిలిచిన పరాయి ఊరి పిల్లవానికి. వాడు పెద్దవాడవుతాడని వారెవరికీ తెలియదు. తెలిసి పెట్టినట్లయితే నేనీ ప్రసంగం చేయనవసరమే లేదు.

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానును చూడని వారు ఈ సభలో ఉండరు. పూసపాటివారి ఆడపడుచు అమ్మవారైనదని కథ. కాని సిరిమాను చివర కూర్చునేది పూజారి. ఆ పూజారి పెద్దచెరువులో విగ్రహాన్ని కనుగొన్న పతివాడ అప్పలనాయుడుగారి వంశీకుడు. సిరిమానుకు ముందు బెస్తవారి వల నడుస్తుంది, పాలధార నడుస్తుంది. చింతమాను ఏ తోటలో దొరికితే ఆ తోటవారు దానిని భాగ్యంగా ఇస్తారు. గుడి నుంచి కోటకు మూడు మారులు తిరిగే ఆ ఊరేగింపులో అరటిపండు విసరని చేయి లేదు. హైదరాబాదులోనో, అంతకు దూరానో ఉద్యోగం చేసే మన పిల్లలు దీపావళికి రాకపోయినా సిరిమానుకు వస్తారు. ఎవరి ఇంటికి వచ్చిన చుట్టమైనా ఆనాడు ఊరికే చుట్టం.

సంగీత కళాశాల శతవత్సరాలు దాటి నేటికీ నడుస్తున్నది. సాయంవేళ ఆ దారిన వెళితే వీణ, మృదంగం వినబడతాయి. వాటిని అభ్యసించే పిల్లలలో పల్లెల నుంచి వచ్చి, అద్దె గదులలో వండుకు తినేవారున్నారు. ఈనాడు వారాలు లేవు, జోలె లేదు, ఉండాలనీ కోరను. ఒక పిల్లవాడు అన్నం కోసం వాకిట నిలబడవలసిన రోజులు పోయినందుకు సంతోషమే.

కాని రేపటి నుంచి మన ఆలయంలో నలభై ఎనిమిది రోజుల మండలాభిషేకం, నిత్యాన్నదానం ఉన్నాయి. ఆ పంక్తిలో ఇరవై ఆకులు ఆ పిల్లల కోసం ప్రతి మధ్యాహ్నం వేయించవలసిందని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వారు ముష్టికి వచ్చినట్లు కాకుండా, కళాశాలకు వెళ్లి పిలుచుకు రావాలి. భోజనానంతరం పాడవలెనన్న షరతు పెట్టవద్దు. పాడదలచినవారికి మండపంలో చాప పరచి ఉంచండి, చాలు. ఆ ఇరవై ఆకుల ఖర్చులో మొదటి వారం నాది. రెండవ వారానికి ఎవరైనా ముందుకు వస్తే, పేరు కార్యదర్శిగారి చెవిన వేయండి. ఫలకం మీద మాత్రం వద్దు.