ప్రక్షిప్తములు చెప్పెడి వంశకథ

  

ఈ రజతోత్సవ సభలో భారతమునుగూర్చియో మనుచరిత్రమునుగూర్చియో మాటలాడుమని యుండినచో నా పని సులభమై యుండెడిది. కార్యదర్శిగారు మాత్రము, మానవుని పుట్టుపూర్వోత్తరములనుగూర్చి నేటి శాస్త్రజ్ఞులేమనుచున్నారో చెప్పుమనిరి. గ్రామపు లెక్కలు వ్రాయుచు, తీరిక వేళలందు పద్యములు చదువుకొను నాబోటివానికి జీవశాస్త్రముతో నేమి పనియని మీరు శంకింపవచ్చును. ఆ విషయమును చదివినకొలదియు అది నాకు తెలిసిన పనివలెనే తోచినది. అది నకళ్ల శాస్త్రము.

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితుల మార్గము మీలో కొందరెరుగుదురు. కవి స్వహస్తముతో వ్రాసిన ప్రతి దొరకదు. దొరకునవి ప్రతికి ప్రతులు. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారు 1919లో నారంభించి 1966లో ముగించిన సంస్కృత మహాభారత పరిష్కరణమునకు వందలకొలది ప్రతులను సరిచూడవలసి వచ్చెను. రెండు ప్రతులలో నొకే తావున నొకే ప్రక్షిప్త శ్లోకము కనబడినచో, ఆ రెండును ఒకే తల్లిప్రతి సంతానమని యూహింతురు. వేర్వేరు ఊళ్ల వ్రాయసకాండ్రిద్దరు, ఒకరినొకరెరుగక, అదే శ్లోకమును అదే చోట చేర్చుట సంభవింపదుగదా! అడంగళ్లలోను ఇంతే. ఒక యేడు చేరిన యధికపు పంక్తి తరువాతి నకళ్లన్నిటిలోను నడచివచ్చును.

మన దేహములోని కణములలో డి.ఎన్.ఏ. అను గ్రంథము కలదు. దానికి నాలుగే యక్షరములు. తల్లి యిచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల యక్షరములుండును. తండ్రి యిచ్చినదియు దాదాపు అంతే. ఈ గ్రంథములో తావు మార్చుకొను ఖండములు కలవని మొదట కనిపెట్టినది బార్బరా మెక్లింటాక్ అను అమెరికా విదుషి. మొక్కజొన్న గింజలమీది మచ్చలు ఏల మారుచున్నవని 1940వ దశకములో విచారించి, ఆమె ఈ నిర్ణయమునకు వచ్చెను. 1951లో తోడి శాస్త్రజ్ఞుల యెదుట చెప్పగా పెక్కుమంది పెడచెవిని పెట్టిరి. 1983లో నోబెల్ బహుమానము లభించునప్పటికి ఆమెకు 81 ఏండ్లు. మొక్కజొన్న కంకిని మనమందరమును కాల్చుకొని తినుచునే యున్నాము!

మానవ గ్రంథములో ఇంచుమించు సగభాగము ఇట్టి ఖండముల సంతతియే. వానిలో నొకదానికి 'అలూ' యని పేరు. ఇది ఆలుమగలలోని ఆలును కాదు, హిందీవారి ఆలుగడ్డయు కాదు. ఆర్త్రోబాక్టర్ ల్యూటియస్ అను సూక్ష్మజీవినుండి తీసిన కత్తెరవంటి పదార్థము ఈ తునకను ఖండించును గనుక, ఆ సూక్ష్మజీవి పేరులోని తొలి యక్షరములు దీనికి వచ్చినవి. పొడవు సుమారు 300 అక్షరములు. మనలో దీని ప్రతులు 10 లక్షలకు పైబడియున్నవి. గ్రంథమున పదియవ వంతు ఇదియే యన్నమాట.

అలూ తన్ను తాను వ్రాసికొనలేదు. మాతృక యథాస్థానముననే యుండును. దానికి ఆర్.ఎన్.ఏ. రూపమున నొక నకలు పుట్టును. 'లైన్-1' అను మరియొక పెద్ద ఖండమునకు చెందిన పనిముట్టు ఆ నకలును తిరిగి డి.ఎన్.ఏ.గా మార్చి వేరొక తావున నతికించును. ఒకరి గంటము నెరవు తెచ్చుకొని, వేరొకరి కావ్యములో తన పద్యము చొప్పించు కవులు మనకు క్రొత్తవారు కారు. ఈ చేర్పు ముఖ్యమైన వాక్యము నడుమ పడినచో ప్రమాదము. లైన్-1 తునక యిట్లు వచ్చిపడి, రక్తము గడ్డకట్టని హీమోఫిలియా వ్యాధి కలిగినట్లు ఇద్దరు రోగులయందు 1988లో కనుగొనిరి.

వంశవిచారణకు ఈ ఖండము మంచి సాక్షి. ఒంటి యక్షరపు మార్పు ఇద్దరిలో వేర్వేరుగా కలుగవచ్చును, మరల పూర్వరూపమునకు రావచ్చును. అలూ తునక సరిగా నొకే తావున రెండుమారులు చేరుట మిక్కిలి యరుదు. చేరినది ఆనవాలు మిగులక తొలగుటయు అంతే యరుదు. పైగా, లేమి ముందో కలిమి ముందో యను తగవు లేదు. తునక లేని పాఠమే ప్రాచీన పాఠము. తోక కథయే చూడుడు. టి.బి.ఎక్స్.టి. యను జన్యువులో సుమారు 2 కోట్ల 50 లక్షల యేండ్ల క్రిందట చేరిన యొక అలూ తునకకును, తోక పోవుటకును సంబంధము కలదని 2024లో ప్రకటించిరి. ఆ తునక చింపాంజీకి, గొరిల్లాకు, మనకు ఒకే తావున నున్నది. హనుమద్భక్తులు మన్నింతురుగాక!

మనుష్యులందరిలోను సమానముగా నుండు తునకలవలన మనలోని శాఖలు తెలియవు. ఇటీవలి చేర్పులు కొందరిలో నుండి కొందరిలో లేవు. వంశములనుగూర్చి పలుకునవి అవియే. మార్క్ బాట్జర్ ప్రభృతులు 1994లో ఇట్టి చేర్పులను దేశదేశములవారిలో పరీక్షించి, ఏ చేర్పును లేని యూహాప్రతికి ఆఫ్రికా జనుల పాఠము సమీపముగా నున్నదని చూపిరి. అనగా మన మాతృక ఆ ఖండమునందలిది. పురుషులకు మాత్రమే సంక్రమించు వై క్రోమోజోములో 'యాప్' అను నొక అలూ చేర్పు కలదు. అది ఆఫ్రికాలో విరివిగా, జపానులోను టిబెట్టులోను గణనీయముగా కానవచ్చును. భారతదేశపు ప్రధాన భూభాగమున అరుదు. అయినను ఆ చేర్పుగల శాఖయే అండమానులోని ఓంగీ, జారవా పురుషులలో నున్నదని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2003లో తెలిపిరి. బంగాళాఖాతపు దీవికిని జపానుకును నడుమ నింత దూరముండగా ఈ యొక్క పంక్తి రెంటను నిలిచియున్నది.

ఇక మన యింటి మాట. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమువారును, మన ఆంధ్ర విశ్వవిద్యాలయమువారును కలసి, ఆంధ్రదేశములోని ఎనిమిది కులములకు చెందిన సుమారు 265 మంది పురుషుల డి.ఎన్.ఏ.ను పరీక్షించి 2001లో ఫలితములను ప్రకటించిరి. అందు 39 అలూ చేర్పులు, ఒక లైన్-1 చేర్పు లెక్కకు వచ్చినవి. అగ్రకులములనబడువారు తక్కినవారికంటె యూరపు జనులకు కొంత చేరువగా కనబడిరి. ఈ మాట వినగానే మీసము దువ్వినవారు కలరు, చిన్నబుచ్చుకొన్నవారు కలరు. ఇరువురును లెక్కను చదువలేదని నా యభిప్రాయము. ఆ చేర్పులు ఒక కులమువారిలో నూటికి కొంత హెచ్చు, వేరొక కులమువారిలో కొంత తగ్గు. భేదము పాళ్లలోనే. ఒక్క మనుష్యుని రక్తముచూచి ఇతడీ కులమువాడని వానివలన చెప్పనలవి కాదు. వేరు విధమైన గుర్తులతో సి.సి.ఎం.బి. వారును హార్వర్డువారును 2013లో ప్రకటించినదానినిబట్టి, సుమారు 4200 ఏండ్ల క్రిందటినుండి 1900 ఏండ్ల క్రిందటివరకు ఈ దేశములోని జనులు విరివిగా కలసిరి. వియ్యములు కట్టుబడినది ఆ తరువాతనే.

మొన్న విదేశమునుండి వచ్చిన మన యూరి యబ్బాయి యొకడు, ఉమ్మి పంపి తెప్పించుకొన్న వంశపత్రమును నాకు చూపెను. నూటికిన్ని పాళ్లని ముచ్చటగా నచ్చువేసి యున్నది. ప్రక్కనున్న తాతగారు "అందులో మన గోత్రమున్నదా?" యని యడిగిరి. లేదంటిని. మరియొకనాడు, బాల్యమున దత్తుపోయిన పెద్దమనిషి యొకరు ఒంటరిగా వచ్చి, "ఏబదియేండ్లుగా నేను తద్దినము పెట్టుచున్నది నాది కాని వంశమునకా?" యని యడిగిరి. వారి కంఠము వణకినది. నేను కాగితము తీసి లెక్క చూపితిని. పది తరములు వెనుకకు పోయినచో మనకు 1024 పితృస్థానములు. ప్రతి తరమునను సగము ప్రతియే సంక్రమించును గనుక, వారిలో పలువురి వ్రాత ఒక్క యక్షరమైనను మనదాక రాదు. కన్నవారి వంశమునందైనను ఇంతే. అట్టివారికిని మనము తర్పణము విడుచుచునే యున్నాము. ఆయన యా కాగితమును మడిచి జేబులో నుంచుకొని, మరునాటి తద్దినమునకు నన్ను భోక్తగా పిలిచి వెళ్లిరి.

కాలము మించినది. అధ్యక్షులు గడియారమువంక చూచుచున్నారు. సెలవు.