చెప్పుకొనలేని బాధ
(రజతోత్సవ సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. మధుమేహమును గూర్చియో, రక్తపుపోటును గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. నేను మూత్రమును గూర్చి మాటలాడదలచితిని. ముందు వరుసలో కొందరు నవ్వుచున్నారు, నవ్వవచ్చును. సభలో పలుకుటకు సిగ్గుపడు మాట గనుకనే యీ బాధ గలవారు ఇల్లు కదలక కూర్చుండిపోవుచున్నారు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధి యొకటి కలదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1868లో దీని లక్షణములను స్పష్టముగా వర్ణించెను. ఐరోపాలో కంటె మన దేశమున ఇది అరుదు, కాని లేకపోలేదు. సాధారణముగా ఇరువది, నలువది ఏండ్ల మధ్య మొదలగును. పురుషులలో కంటె స్త్రీలలో హెచ్చు. విద్యుత్తు తీగకు రబ్బరు తొడుగున్నట్లే మెదడులోను, వెన్నుపాములోను నరములకు మైలిన్ అను తొడుగు కలదు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి యా తొడుగును పాడుచేయును. అంతట చూపు మసకబారును, కాళ్లు తిమ్మిరెక్కును, నడక తూలును. ఇది అంటువ్యాధి కాదు. గాలి సోకుటయు కాదు.

మరి మూత్రాశయమున కేమగును? ధవళేశ్వరము నుండి కబురు వచ్చిన మీదట మన కాలువ లాకుల తలుపు లెత్తుదురనుకొనుడు. కబురు తీగ చెడినచో ఒకప్పుడు అకారణముగా తలుపు లేచును; ఒకప్పుడు నీరు నిండినను లేవదు. మూత్రాశయమును అంతే. కొందరికి ఆపుకొనలేని తొందర; కొందరికి ఎంతసేపు కూర్చున్నను పూర్తిగా రాదు; కొందరికి రెండును కలవు. ఈ వ్యాధి గలవారిలో అత్యధికులకు ఏదో యొక దశలో ఈ బాధ తప్పదు.

సఖినేటిపల్లి వైపు ఒక గృహిణి నా యొద్దకు వచ్చెడిది. పుట్టిల్లు రేవు కావల నర్సాపురము. పంటు ఎక్కవలయుననిన ముందునాటి సాయంత్రము నుండియే మంచినీరు మానివేసెడిదట. ఆ సంగతి నాకు చెప్పలేదు. “అస్తమానం వెళ్లాల్సొస్తోందండి, డాక్టరుగారూ” అని మాత్రమే అన్నది. చక్కెర చూచితిని, లేదు. మూత్రమున చీము కనబడినది, మందు వ్రాసితిని. ఆరు మాసములలో మూడుమార్లు మందు వ్రాసితినే కాని, ఆమె కాలీడ్చి నడచుట చూచియు కారణ మడుగనైతిని. నాలుగవమారు జ్వరముతో, లేవలేని స్థితిలో మంచముపై మోసికొని వచ్చిరి. కాకినాడలో నాడీవ్యాధి నిపుణుడు ఎం.ఆర్.ఐ. తీయించి వ్యాధి పేరు చెప్పెను. మూత్రము పోసిన పిమ్మట అల్ట్రాసౌండుతో చూడగా లోపల ఇంకను 300 మిల్లీలీటర్లు నిలిచియున్నది. ఆ పరీక్ష మొదటినాడే నేను చేయింపవలసినది.

నిలువనీటిలో క్రిములు పెరుగును. క్రిముల వలన జ్వరము. జ్వరము వలన చెడిన నరములు మరింత మందగించును. వ్యాయామము చేసిన పిదప ఈ రోగులకు చూపు తగ్గుట జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హోఫ్ 1890లోనే వ్రాసెను. ఒంటివేడియే దానికి కారణమని తరువాత తెలిసినది. కావున కాళ్లు హఠాత్తుగా పడిపోయినపుడు వ్యాధి తిరుగబెట్టినదని స్టెరాయిడ్లకు పరుగెత్తక మునుపే మూత్రపరీక్ష చేయించుడు. స్పర్శ తగ్గినవారికి మంట తెలియకపోవచ్చును గూడ.

నిలిచిన మూత్రమును తీయుటకు రబ్బరు గొట్టమును లోపలనే యుంచుట పాత పద్ధతి. 1966లో ఇంగ్లండున గుట్మన్, వెన్నుపాము దెబ్బతిన్నవారికి వేళకు గొట్టము పెట్టి, తీసివేయు పద్ధతిని గూర్చి ప్రకటించెను. కాని దానికి ఆపరేషను గదిలోని నియమము లన్నియు కావలయును. 1972లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున జాక్ లాపిడెస్ అను వైద్యుడు, సబ్బుతో చేతులు కడుగుకొని శుభ్రమైన గొట్టముతో రోగి తానే తీసికొనిన చాలుననెను. గొట్టముతో పోవు నాలుగు క్రిముల కంటె నిండి సాగిన సంచియే ప్రమాదమని ఆయన వాదము. ఆయన యొద్ద మొదట నేర్చినవారిలో ఈ వ్యాధి గల స్త్రీ యొకతె. తోటి వైద్యులు ఆక్షేపించిరి. నేడు లోకమంతట అదియే ఆచారము.

అందరికిని గొట్టము అక్కరలేదు. తొందర మాత్రమే గలవారికి కటికండరముల వ్యాయామము, వేళ ప్రకారము వెళ్లు అలవాటు, మాత్రలు, అవసరమైనచో మూత్రాశయములోనికి ఇచ్చు బొట్యులినమ్ సూదిమందు కలవు. కాని యీ మాత్రలు కొందరిలో నిలువను హెచ్చించును, ముందు కొలిపించుకొనుడు. మలబద్ధకము చేరనీయకుడు. కాఫీ, టీలు తగ్గింపుడు. నీరు మాత్రము మానకుడు: వైద్యుడు వద్దనకున్నచో రోజుకు లీటరున్నర నుండి రెండు లీటర్లు. కొబ్బరినీళ్లు మంచివే, వానితో ఈ వ్యాధి కుదురునని మాత్రము నమ్మకుడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఈ వ్యాధి పేరును చేర్చిరి. ధ్రువపత్రమునకు అర్జీ పెట్టుకొనవచ్చును.

ఆ గృహిణి నర్సుగారి యొద్ద పది దినములలో ఆ పద్ధతి నేర్చుకొనెను. మొదటి రెండు దినములు ఏడ్చినది. నిరుడు వేసవిలో తమ్ముని గృహప్రవేశమునకు రేవు దాటి వెళ్లి, మూడు రోజులుండి వచ్చినది. చేతిసంచిలో సబ్బు, గొట్టము, నిండు నీళ్లసీసా పెట్టుకొని వెళ్లితినని చెప్పినది.

సభ ముగిసిన పిదప పఠనమందిరము వెనుక గదిలో నేనును, నర్సుగారును దీపాలవేళ వరకు ఉందుము. స్త్రీలు ఆమెతో ఒంటరిగా మాటలాడవచ్చును. పేరు వ్రాసికొనము. సెలవు.