పాత బండి కింద నూనె చుక్క: ముందు కారణం, తర్వాతే ఖర్చు

పొద్దున్నుంచీ వీసాలు, జీతాలు, ఇన్సూరెన్సుల గురించి పెద్ద విషయాలు విన్నారు. నేను చెప్పబోయేది చిన్న సంగతి: పాత మోటారుసైకిల్ కింద పడే నూనె చుక్క. కానీ ఇంకా కారు కొనలేక, బస్సు లేని చోట పాత బండి మీదే రాత్రి షిఫ్టుకి వెళ్లే మనవాళ్లకి అది చిన్నది కాదు. బండి ఆగితే ఆ రోజు జీతం ఆగినట్టే.

న్యూజెర్సీలో ఒక గోడౌన్‌లో రాత్రి పని చేసే రోజుల్లో నేను 1978 నాటి హోండా సీబీ 750 కొన్నాను. నెల తిరక్కుండానే ఇంజన్ ముందు భాగమంతా నూనె. ఒక షాపుకి తీసుకెళితే పైపైన చూసి, ‘హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ దించాలి’ అన్నారు. చెప్పిన ఖర్చు నా రెండు వారాల జీతం. సరే అనబోయి, ఒక వారం గడువు అడిగాను.

ఆ వారంలో తెలిసిందేమిటంటే, నూనె హెడ్ గ్యాస్కెట్ దగ్గర కారడం లేదు. దానికి పైన, టాకోమీటర్ కేబుల్ ఇంజన్లోకి దిగే చోట ఒక చిన్న రబ్బరు సీల్ గట్టిపడిపోయింది. దాని ఖరీదు ఐదు డాలర్లు దాటలేదు. షాపువాళ్లు మోసం చేశారని నేను అనను. తడి కనిపించిన చోటే కారుతోందనుకున్నారు. ఆ పొరపాటు మనందరం చేస్తాం. నూనె కిందకి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి కారే చోటు చాలాసార్లు తడి కనిపించే చోటుకి పైన, ముందు వైపు ఉంటుంది. నా మాటల్లో ఇదొక్కటి గుర్తుంటే చాలు.

ఇక చూసే పద్ధతి. మొదట నూనె మట్టం చూడండి. ఎక్కువ పోస్తే బ్రీదర్ పైపు గుండా బయటికి కక్కుతుంది, అది లీకు కాదు. మట్టం ఎలా చూడాలో ఒక్కో బండికి ఒక్కో పద్ధతి ఉంటుంది, మాన్యువల్ ప్రకారమే చూడాలి.

రెండోది, కారేది ఏమిటో తేల్చుకోండి. రాత్రి బండి కింద తెల్లటి అట్టముక్క పరిచి, చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీత గీయండి. పొద్దున చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో తెలుస్తుంది. గోధుమరంగో నలుపో ఉండి జారుడుగా ఉంటే ఇంజన్ ఆయిల్. పెట్రోలు వాసన వస్తే కార్బురేటర్ వైపు చూడాలి, అలాంటప్పుడు బండి స్టార్ట్ చేయొద్దు. వెనక చక్రం రిమ్ము మీద జిగురుగా చిమ్మి ఉంటే చాలాసార్లు అది చైనుకి వేసిన నూనే.

మూడోది, కడగండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, తడి ఆరనివ్వండి. బ్రేకుల మీద పడనివ్వద్దు. తర్వాత మందుల షాపులో దొరికే, పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రేని అనుమానం ఉన్న చోట పల్చగా కొట్టండి. అది మండే గుణం ఉన్నది, కాబట్టి చల్లటి ఇంజన్ మీదే కొట్టాలి, పూర్తిగా ఆరాకే స్టార్ట్ చేయాలి. పది నిమిషాలు నడిపి, టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి మీద మొదటి నల్లమచ్చ ఎక్కడ కనిపిస్తే అదే మూలం.

పాత బండ్లలో తరచుగా దొరికే చోట్లు కొన్నే: డ్రెయిన్ బోల్టు వాషర్, ఫిల్టర్ మూత ఓ-రింగ్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, గేర్ లివర్ షాఫ్ట్ సీల్, ముందు స్ప్రాకెట్ వెనక ఉండే సీల్. మనకి బాగా తెలిసిన బుల్లెట్ సంగతి వేరు. మద్రాసులో 1955లో మొదలైన ఆ పాత రకం ఇంజన్‌లో, చలికాలం నెలల తరబడి నిలిపి ఉంచితే ఆయిల్ పంపు దాటి నూనె కిందకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే బ్రీదర్ నుంచి చిమ్ముతుంది. ఇంజన్ పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు.

లీకు కనబడగానే బోల్టులు బిగించేయడం మనకి అలవాటు. నేనూ ఒకసారి డ్రెయిన్ బోల్టు బలంగా బిగించి అల్యూమినియం మరలు చెడగొట్టుకున్నాను. రెండు డాలర్ల వాషర్‌తో పోయేది పెద్ద రిపేరైంది. మాన్యువల్‌లో రాసినంతే బిగించాలి. పాత జపాన్ బండ్ల స్క్రూలు జె.ఐ.ఎస్. రకం. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పెడితే తలలు అరిగిపోతాయి, సరైన డ్రైవర్ ఒకటి కొనుక్కోండి.

ఇప్పుడు జాగ్రత్త మాట. అట్టముక్క మీద రాత్రికి రెండు చుక్కలు పడితే బండి నడుపుకుంటూ వీలు చూసుకుని బాగు చేసుకోవచ్చు. కానీ నూనె వెనక టైరు మీదో, బ్రేకు మీదో పడుతుంటే ఆ రోజు బండి తీయొద్దు. మలుపులో చక్రం జారితే ప్రాణం మీదికొస్తుంది. ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగినా, మట్టం రోజురోజుకీ పడిపోతున్నా, సైలెన్సర్ మీద నూనె పడి పొగ వస్తున్నా అంతే. ఒక షిఫ్టు జీతం పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

తీసిన పాత నూనె మురుగుకాలవలో పోయొద్దు. ఒక్కసారి మార్చిన నూనె పది లక్షల గాలన్ల మంచినీటిని పాడు చేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాలకి తీసుకెళితే చాలాచోట్ల ఉచితంగా తీసుకుంటారు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మరక పడితే శుభ్రం చేసిన ఖర్చు డిపాజిట్‌లో కోసే ప్రమాదం ఉంది, అందుకే అట్టముక్క రోజూ ఉంచండి.

పెద్ద రిపేరుకి సరే అనే ముందు ఒక్కసారి కడిగి, పౌడర్ కొట్టి చూడండి. మీకు తెలియకపోతే తడి ఉన్న చోటు ఫోటో తీసి, బండి తెలిసిన మరో మనవాడికి చూపించండి. టీ వేళ నేనూ ఇక్కడే ఉంటాను, ఫోన్లో ఫోటోలున్నవాళ్లు తీసుకురండి. సెలవు.