శ్రీకూర్మ తీర్థము – వసంతపు విహారములు

చలి తరలిపోయి, ఎండ ఇంకను ముదరని దినములు మన ఉత్తర కోస్తాలో మిక్కిలి కొద్ది. మాఘమాసమున మామిడి పూత కనుపించును. చైత్రము సగము గడచునప్పటికి పగలు పది గంటలకే దారి నడచువాడు చెట్టునీడ వెదకికొనును. ఈ రెంటికిని నడుమనున్న ఆరేడు వారములే మనకు వసంతము. ఇంతటి చిన్న వసంతములో పిల్లలను, పెద్దలను వెంటబెట్టుకొని ఒక్కపూట ఇల్లు విడిచి పోదమన్నచో ఎచ్చటికి పోవలెను? ఈ పూట మేము మీతో ముచ్చటింపదలచినది ఈ సంగతినే.

పట్టణవాసులు ఈ ప్రశ్నకు పార్కు అని బదులు చెప్పుదురు. కత్తిరించిన పచ్చిక, వరుసలు తీర్చిన పూలమొక్కలు, కూర్చుండుటకు సిమెంటు బల్లలు, ద్వారమున టిక్కెట్టు. మంచిదే. కాని శ్రీకాకుళము చుట్టుప్రక్కల పల్లెలవారు పార్కునకై వేచియుండలేదు. వారికి తోట కలదు, కోనేరు కలదు, ఏరు కలదు, ఏరు కలియు సముద్రము కలదు. వీటి నన్నిటిని ఏడాదికొకసారి ఒక్కచోటికి చేర్చు తీర్థము కలదు.

తీర్థమను మాటను ఇచ్చట కొంచెము విప్పి చెప్పవలెను. దూరప్రాంతముల శ్రోతలు తీర్థమనగా పుణ్యనది యనియో, పూజారి చేతిలో పోయు నీరనియో తలచుదురు. విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము వైపున తీర్థమనగా ఉత్సవమునకు కూడిన జనము, అంగళ్ళు, ఆటపాటలు, అన్నియు కలిసిన సందడి. ఇతరులు తిరునాళ్ళనియు, జాతర యనియు పిలుచుదానిని మనవారు తీర్థమందురు. “తీర్థానికి వెళ్తున్నాము” అన్న ఇల్లాలి మాటలో దేవుని పాలెంత, గాజుల అంగడి పాలెంత యని విడదీయుట కష్టము. విడదీయ నవసరమును లేదు.

ఇట్టి తీర్థములలో వసంతమునకు చెందినది శ్రీకూర్మపు డోలోత్సవము. శ్రీకాకుళమునకు తూర్పుగా, పదిహేను కిలోమీటర్లకు లోపుగానే, గార మండలములో నున్న యీ క్షేత్రమున శ్రీమహావిష్ణువు కూర్మరూపమున పూజలందుకొనుచున్నాడు. దశావతారములలో రామునకు, కృష్ణునకు, నరసింహునకు ఊరూర గుడులున్నవి గాని, కూర్మమునకు గుడి మిక్కిలి అరుదు. ఫాల్గుణ పూర్ణిమ వచ్చునప్పటికి ఇచ్చట కామదహనము, పడియ, డోలోత్సవము అను మూడు దినముల వరుస సాగును. ఉత్సవమూర్తులను ఊయలలో నుంచి ఊపుదురు. రంగులు చల్లుకొందురు. ఇదే పండుగను పూరీలోను, సింహాచలములోను కూడ జరుపుదురు. ఈ తీరమంతయు ఒకనాడు తూర్పు గాంగుల యేలుబడిలో నుండెనని తలచుకొన్నచో అందు వింత యేమియు లేదు. పూరీ జగన్నాథుని గుడిని తలపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుని పూర్వులు మన వంశధార యొడ్డుననున్న ముఖలింగము నుండియే రాజ్యమేలినారు గదా!

వసంతమునకు ఉత్సవము చేయుట మన రాజులకును ప్రీతియే. కొండవీటి కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలను బిరుదు వచ్చినది అందువలననే. ఆ రాజుగారి వసంతములో కప్పురపు పొడి చల్లినారట. శ్రీకూర్మపు తీర్థములో చల్లునది పదిరూపాయల రంగుపొడి. అయినను నవ్వులో తక్కువ యుండదని మా నమ్మకము.

తీర్థపు వీధిలో నడచుచుండగా మొదట చెవికి తాకునది బూరల మోత. తరువాత ముక్కునకు తాకునది బెల్లపు పాకము. జీళ్ళు, ఖర్జూరములు, పంచదార చిలుకలు, గాజులు, తాటాకు బుట్టలు, రంగుల రాట్నము, ఇవి లేనిచో తీర్థము లేదు. ఇప్పుడు వీటి నడుమ ప్లాస్టికు బొమ్మలే యెక్కువ. ఈ జిల్లాలోనే బుడితి యను ఊర కంచు, ఇత్తడి పాత్రలు చేయు నేర్పరులున్నారు. పిడికెడంత ఇత్తడి చెంబు ఒక్కటి కొనుక్కొని యింటికి పోయిన కుటుంబమునకు తీర్థపు గురుతు తరతరములు నిలుచును. ప్లాస్టికు కారు గుడి మలుపు దాటకముందే చక్రము విడుచును.

ఈ సందడిలో మేము ప్రత్యేకముగా చెప్పదలచినది స్త్రీల మాట. పొలము పనికి, ఇంటి పనికి నడుమ నలిగిపోవు ఇల్లాలికి, కారణము చెప్పనక్కరలేకుండ ఇల్లు విడిచి, తోడివారితో కూర్చుండి, తనకు తోచిన వస్తువును బేరమాడుటకు ఏడాదిలో దొరకు దినములు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఈ తీరపు మత్స్యకారులలో ఎందరో చేపలవేటకై గుజరాతులోని వెరావలు వరకు పోవుదురు. కూలిపనులకు విశాఖకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు పోవువారు మరెందరో. మగదిక్కు దూరమున నున్న ఇంటిలో పిల్లల చేయి పట్టుకొని తీర్థమునకు తెచ్చునది తల్లియో, నాయనమ్మయో. అందువలన తీర్థమున త్రాగునీరు, స్త్రీలకు మరుగుదొడ్డి, పసిబిడ్డకు పాలిచ్చుటకు నీడపట్టు, ఈ మూడును ఏనుగంత రంగుల తోరణముకన్న ముందు కావలసినవి. ఉత్సవపు ఏర్పాట్లు చేయు పెద్దలు తోరణమునకే మొదటి ఖర్చు వ్రాయుట మేము పలు ఊళ్ళలో చూచితిమి.

గుడిలోనికి పోవుదము. ఇచ్చట స్వామి పడమటి ముఖముగా నుండును. అందుచేత తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభములు. ప్రదక్షిణ మండపమున స్తంభములమీద శాసనములు చెక్కబడియున్నవి. 1281వ సంవత్సరపు శాసనమొకటి నరహరితీర్థులవారు ఇచ్చట యోగానంద నరసింహస్వామిని నెలకొల్పిన సంగతిని తెలుపును. ఆయన మధ్వాచార్యుల శిష్యుడు, కళింగ రాజ్యమున అధికారము నెరపినవాడు. తీర్థపురోజున ఆ స్తంభమునకే వీపు ఆనించి పిల్లవాడొకడు చెరకు నమలుచుండును. నమలనిండు. కాని చెరకు రసపు చేతిని రాతికి తుడుచుకొనవద్దని తల్లి యొక మాట చెప్పవలెను. రాతికన్న సుకుమారమైనవి గోడలమీది వర్ణచిత్రములు. వైష్ణవ కథలను చిత్రించిన ఆ గోడలలో కొంతభాగము ఇప్పటికే వెలసిపోయినది. చేయి తగిలిన ప్రతిసారియు చెమట, నూనె ఆ రంగునంటి దానిని మరికొంత తినివేయును. పదివేలమంది పదివేల వ్రేళ్ళతో తడిమినచో ఏ చిత్రము నిలుచును? దూరము నుండి చూచుటకు కన్నులు చాలును.

ఇక పిల్లలందరును గుడిలో మొదట అడుగునది తాబేళ్ళ సంగతి. స్వామి కూర్మము గనుక భక్తులు తెచ్చి విడిచిన నక్షత్ర తాబేళ్ళను దేవాలయపు ఆవరణలో ప్రత్యేకముగా పెంచుచున్నారు. నల్లని డిప్పమీద పసుపుపచ్చని గీతలు నడుమనుండి నలుదిక్కులకు చిమ్మి చుక్కలవలె తోచును. ఆ చెట్టుక్రింద మేము వినిన సంభాషణ యొకటి ఇచ్చట చెప్పవలెను. మనుమడు తాబేలును చూచి, “నాయనమ్మా, దీన్ని కోనేటిలో ఒగ్గేద్దుమా, ఈదుకుంటాది?” అన్నాడు. ఆమె, “అది నీటి తాబేలు గాదు నాయినా, మెట్టతాబేలు. నీటిలో ఏస్తే సచ్చిపోద్ది” అన్నది. జంతుశాస్త్రపు పాఠము ఇంతకన్న సూటిగా ఎవరును చెప్పలేరు. నక్షత్ర తాబేలు మెట్టనేలలలో, పొదలలో బ్రదుకు జీవి. గడ్డి, ఆకులు, పండ్లు దాని ఆహారము. దానికి ఈత రాదు. కోనేటిలో విడుచుట పుణ్యమని తలచి కొందరు చేయు పని దానికి ప్రాణాంతకము. పులిహోర, లడ్డు పెట్టుటయు మేలు కాదు. ఆకుకూర పెట్టుటకు కావలివారి అనుమతి నడిగి పెట్టవచ్చును.

మరియొక మాట. ఈ తాబేలు అందమే దానికి శత్రువైనది. పెంపకమునకై దొంగతనముగా దేశదేశములకు తరలించు వ్యాపారము పెచ్చుపెరిగినందున 2019లో దేశముల నడుమ దీని వర్తకమును అంతర్జాతీయ ఒడంబడిక నిషేధించినది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దీనిని పట్టుటయు, అమ్ముటయు నేరమే. తీర్థములో ఎవడైనను గంపక్రింద తాబేలు పిల్లను చూపి, “మొక్కు చెల్లించుకొనుడు, కొనుడు” అన్నచో, కొన్నవాడు పుణ్యము కొనుట లేదు. అడవిలో మరియొక తాబేలునకు వల పన్నించుచున్నాడు. మొక్కు చెల్లించుటకు ఇతర మార్గములు స్వామియే చూపును.

గుడినుండి వెలుపలికి వచ్చినపిమ్మట పగలింకను మిగిలియున్నచో రెండు చోట్లు గలవు. ఒకటి ఇదే గార మండలములోని శాలిహుండము. వంశధార దక్షిణపు టొడ్డున కొండమీద బౌద్ధుల స్తూపములు, చైత్యములు, ఇటుకల పునాదులు. 1919లో వీటిని లోకమునకు ఎరుకపరచినవారు గిడుగు వెంకటరామమూర్తి పంతులుగారు. వాడుక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుడు, తాను కనుగొనిన చోటును గూర్చి మేము ఈ గ్రాంథికపు ఫక్కిలో ప్రసంగించుట వినియుండినచో ఏమనియుండెడివారో యూహింపగలము. అది యట్లుంచి, కొండమీదినుండి చూచినచో ఏరు సముద్రమువైపు మలుపు తిరిగి పోవుట కనుపించును. ఉత్తర కోస్తాలో ఇంతకు మించిన ఉద్యానము మేము చూడలేదు. దానికి కంచె లేదు, తోటమాలి లేడు. ఉదయమున గాని, ఎండ వాలిన పిమ్మట గాని ఎక్కవలెను. నడిపగలు ఇటుకలు కాలును.

రెండవది కళింగపట్టణము. వంశధార సముద్రమున కలియుచోటు, పాత రేవు, దీపస్తంభము.

అరసవిల్లి సూర్యదేవాలయము శ్రీకాకుళమును ఆనుకొనియే యున్నది. మార్చి నెల రెండవ వారమున, మరల అక్టోబరు మొదట, కొద్ది దినములు ఉదయపు కిరణములు స్వామి పాదముల నంటును. మబ్బు లేకుండుట మన చేతిలో లేదు గనుక దానికై పోవువారు ఓపికతో పోవలెను. పక్షులనిన ఇష్టము గలవారు ఫాల్గుణము రాకమునుపే టెక్కలి దగ్గరి తేలినీలాపురమునకు పోవుట మంచిది. అచ్చట గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు చింతచెట్లమీద గూళ్ళు కట్టుకొనును. ఎండలు ముదరునప్పటికి పిల్లలతో లేచిపోవును. ఆ ఊరివారు తమ పెరటి చెట్లను వాటికి వదలిపెట్టినారు. రెట్టల వాసనను భరించి, రాయి విసరక, ఊరినే పక్షులకు పార్కుగా చేసినవారిని ఏ పురపాలక సంఘమును మించలేదు.

తోటల మాట వచ్చినది గనుక ఉద్దానమును చెప్పక మానలేము. పలాస, సోంపేట, కవిటి ప్రాంతపు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒక్కటిగా అల్లుకొనిన నీడ అది. పూర్వము బంధువుల యింటికి పోయినవారు నడిపగలు నిద్రను ఆ తోటలోనే తీసెడివారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఆ నీడను ఒక్క రాత్రిలో నేల కూల్చినది. కొబ్బరిమొక్క నాటిన వెంటనే కాయదు, నీడయు ఇయ్యదు. చాల యేండ్లు పట్టును. మరల నాటినవారు నాటినారు. అమ్ముకొనినవారు అమ్ముకొనినారు. దారిప్రక్కల మామిడితోటలు ఇండ్ల స్థలములై రాళ్ళు పాతుకొనుట ఇతర చోట్లను చూచుచున్నాము. సొంతదారునిది కాదనలేము, ఆతనికి అప్పులుండవచ్చును. కాని తీర్థమునకు నడచిపోవువారు అన్నపు మూట విప్పుకొను తోట పోయినచో, ఆ అన్నమును బస్సులో కూర్చుండి తినవలసినదే. జపానుదేశమున చెరీపూలు పూచిన వారములో నగరవాసులు చాపలు తీసికొనిపోయి చెట్లక్రింద పరచుకొందురు. అట్టి చెట్లను పురమువారందరి సొత్తుగా కాపాడుకొందురు. మన ఊరి చెరువుగట్టు, గుడితోట, పోరంబోకులోని రావిచెట్టు ఎవరివి? పంచాయతీ లెక్కలో వాటికి చోటున్నదో లేదో మన గ్రామసభలో అడుగుటకు వసంతము రానక్కరలేదు.

పోవువారికి రెండు మాటలు చెప్పి ముగింతుము. డోలోత్సవపు దినములలో శ్రీకాకుళమునుండి బస్సులు క్రిక్కిరిసి యుండును. తెల్లవారుజామున బయలుదేరినవారికి కూర్చుండ చోటు దొరకును. త్రాగునీరు ఇంటినుండియే తీసికొనిపోవుడు. చద్దన్నమును పెరుగుతో కలిపి, మాగాయ ముక్కవేసి అరటియాకులో కట్టినచో మధ్యాహ్నము వరకు చెడదు. ఆకును పశువు తినును, పాలిథిను సంచిని తినరాదు గాని తినును, దానిచేత చచ్చును. కళింగపట్టణమునకు పోవువారు ఏటిమొగ దగ్గర పిల్లలను నీట దింపరాదు. అచ్చట ఇసుక తిన్నె నేడున్నచోట రేపుండదు, అడుగున లాగు నీరుండును. ఒడ్డున తడి ఇసుకలో కాలు తడుపుకొని, పొద్దు గ్రుంకకముందే రోడ్డెక్కవలెను. రాత్రి యగుకొలది గార నుండి బస్సులు తగ్గును.