బస్తా బరువు – హమాలీ నడుము

మలక్‌పేట గంజునకు, మహబూబ్ మాన్షన్ మార్కెట్టని పలువురు పిలుచు ఆవరణమునకు, మహారాష్ట్రము నుండియు కర్నూలు సీమ నుండియు ఉల్లిగడ్డ వచ్చుట మీరెరిగినదే. ఆ బస్తాలను లారీ నుండి దించుట, కాటాకు చేర్చుట, మరల బండి కెక్కించుట హమాలీల పని. మన వంటింటికి చేరిన గడ్డ అంతకుముందే పలుమార్లు ఒకరి వీపు నెక్కి దిగినదన్నమాట.

హమాలీ తనకు నడుము పట్టినదన్నచో, వయసు మీదపడినదని మనము సరిపెట్టుకొందుము. ఆ నొప్పికి మూలము వయసునందు కంటె ఎత్తు తీరునందే హెచ్చుగా నున్నదని మేము మనవి చేయదలచితిమి.

నిండు బిందెను చంకనెత్తుకొనుటకును, చేతులు చాచి పట్టుకొనుటకును గల భేదము ఇంటింట తెలిసినదే. బరువు మారలేదు, దూరము మారినది. వెన్నును నిలుపు కండరములు వెన్నెముకకు రమారమి 5 సెంటీమీటర్ల ఎడమున పనిచేయును. 50 కిలోల బస్తాను నడుము వంచి, 50 సెంటీమీటర్ల ఎడమున ఎత్తినచో, అవి పదిరెట్లు, అనగా 500 కిలోల బరువుకు సమానమైన బలముతో లాగవలెను. పై దేహపు బరువు దీనికి అదనము. ఈ నొక్కుడు వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్లలపై పడును. పెద్దవారిలో వీనికి రక్తనాళములు దాదాపు లేవు. కావున దెబ్బతిన్నచో త్వరగా మానవు. వంగియుండియే ప్రక్కకు తిరుగుట మరింత కీడు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో వయోజనుడైన పురుషుడు మోయు బరువునకు 55 కిలోలు హద్దుగా సూచించినది. 1991లో అమెరికా పరిశోధకులు, అన్ని విధముల అనుకూలమైన స్థితిలో సైతము, చేతులతో ఎత్తుటకు 23 కిలోలే తగిన హద్దని నిర్ణయించిరి.

మోకాళ్లు వంచి, బస్తాను పొట్టకానించి ఎత్తుడని హితవు చెప్పుట సులభము. బస్తా మీద బస్తా పేర్చిన లారీలో అందుకు చోటెక్కడ? లారీ అడుగు ఎత్తునకు సమముగా అరుగు కట్టినచో వంగుట తగ్గును. చక్రముల బండి యున్నచో మోత తగ్గును. బస్తా చిన్నదైన మరియు మేలు. కాని కూలి బస్తా లెక్కన నడచుచోట, బస్తాతోపాటు రేటును సగము చేసినచో, అదే కూలికి వంగుటలు రెండింతలగును. బస్తా తగ్గించునపుడు వంగు శ్రమకును విలువ కట్టి రేటు నిర్ణయింపవలెను.

హమాలీ సోదరులకొక మాట. కాలికి తిమ్మిరి ప్రాకి బలము తగ్గినచో వైద్యునకు చూపుకొనుడు. మూత్రము అదుపు తప్పినచో, లేక బిగిసినచో, ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను; జాగు చేసినచో ఆ కీడు శాశ్వతము కావచ్చును. వర్తకులకు మా విన్నపము: కొట్టు ముందు అరుగును, చక్రముల బండిని సరుకు ఖర్చులో చేర్చుకొనుడు. నేడు ఆ ఖర్చును హమాలీ తన నడుముతో చెల్లించుచున్నాడు.