పశువుల పెరుగుదలలో జన్యు వైవిధ్యం

ఒకే కొట్టంలో పుట్టి, ఒకే మేత తిన్న దూడలన్నీ ఏడాది తిరిగేసరికి ఒకే తూకం తూగవు. ఈ తేడాలో కొంత తల్లి పాలది, కొంత ఈనిన కాలానిది, రోగాలది. కొంత మాత్రం పుట్టుకతో వచ్చిన జన్యువులది. పశువుకు 30 జతల క్రోమోజోములు ఉంటాయి. 2009లో వెలువడిన మొదటి పూర్తి జన్యుపటం డామినెట్ అనే హెర్‌ఫర్డ్ ఆవుది. అందులో జన్యువులు సుమారు 22 వేలని తేలింది.

ఒక్క జన్యువు ఎంత మార్పు తేగలదో బెల్జియన్ బ్లూ జాతిని చూస్తే తెలుస్తుంది. కండ అతిగా పెరగకుండా అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువు రెండో క్రోమోజోముపై ఉంటుంది. ఈ జాతిలో ఆ జన్యువు నుంచి 11 డీఎన్ఏ అక్షరాలు ఊడిపోయాయి. ఇటలీకి చెందిన పీడ్‌మాంటీస్ పశువుల్లో ఒక్క అక్షరం మారడంతో ప్రోటీన్‌లో సిస్టీన్ ఉండవలసిన చోట టైరోసిన్ చేరింది. దారులు వేరైనా ఫలితం ఒకటే: అదుపు తప్పుతుంది, తొడలూ భుజాలూ ఉబ్బి చర్మం కింద కండలు విడివిడిగా తేలతాయి. 1997లో ఈ గుట్టు బయటపడింది. మాంసం వ్యాపారికి ఇది లాభమే, ఈనే ఆవుకు మాత్రం గండం. బెల్జియన్ బ్లూ దూడల్లో అధికభాగాన్ని కడుపు కోసే బయటికి తీయాలి. ఇటువంటి ఎంపికను పశువుల అభివృద్ధి అనడం కష్టం.

అయితే ఇంత బలమైన జన్యువులు అరుదు. 14వ క్రోమోజోముపై ప్లాగ్1, ఆరో దానిపై ఎన్‌క్యాప్‌జీ, ఎల్‌కార్ల్ జన్యువుల ప్రాంతం ఎత్తును, తూకాన్ని గట్టిగానే ప్రభావితం చేస్తాయి. తక్కినవన్నీ తలా కొంచెం. 2018లో 58 వేలకు పైగా పశువులపై వెలువడిన అధ్యయనం ఎత్తుతో ముడిపడిన 163 చోట్లను గుర్తించింది. అన్నీ కలిపినా ఎత్తులోని తేడాలో 13.8 శాతానికి మించి వివరించలేకపోయాయి. అందుకే 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే శాస్త్రవేత్తలు సూచించిన పద్ధతి ఏదో ఒక జన్యువును వెతకదు. వేల డీఎన్ఏ గుర్తుల ప్రభావాలను కూడి ఆబోతు విలువ కడుతుంది.

ఈ లెక్కను ఒక జాతి నుంచి మరో జాతికి ఎత్తిపెట్టలేరు. ఐరోపా పశువులకూ మూపురపు పశువులకూ చీలిక చాలా పాతది. ఒకచోట మేలైన జన్యువుకు ఆనవాలుగా నిలిచే గుర్తు మరోచోట దానితో కలిసి రాకపోవచ్చు. మన ఒంగోలు పశువు బ్రెజిల్ చేరి నెలోర్ అయింది. అక్కడ పుట్టుక తూకంపై జరిగిన పరిశోధనలు ప్లాగ్1 ప్రాంతాన్నే ప్రధానంగా చూపాయి. అదే ప్రాంతం బ్రాహ్మన్ అనే మూపురపు జాతి పశువుల్లో ఎదకు వచ్చే వయసుతోనూ ముడిపడి ఉంది. అంటే తూకం ఒక్కటే చూసి ఆబోతును ఎంచితే పెయ్యలు ఆలస్యంగా ఎదకు రావచ్చు.

ఒంగోలు, పుంగనూరు జాతుల విషయంలో బ్రెజిల్ అంకెలు సరిపోవు. ఇక్కడి మందల కొలతలే కావాలి. కాటా లేని ఊళ్లో టేపు చాలు: అంగుళాల్లో ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, ఆపై ఒంటి పొడవుతో గుణించి, 300తో భాగిస్తే పౌండ్లలో సుమారు తూకం వస్తుంది. దూడ పుట్టిన తేదీ, తల్లి, ఆబోతు, ఈ కొలత ప్రతి కొట్టంలోనూ పుస్తకానికి ఎక్కాలి. ఆ పుస్తకం లేనిదే ఎంత ఖరీదైన డీఎన్ఏ పరీక్ష చేయించినా ఏ ఆబోతు మేలైనదో తేల్చలేరు.