ఆంగ్ల జాతీయములు – అంతరార్థము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. ఇంగ్లీషు భాషలోని జాతీయములను గూర్చి మాటలాడెదనని నేనే కోరితిని. పల్లెటూరి సభలో ఈ ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. కారణము మొదటనే చెప్పివేసెదను. అది నేను చేసిన ఒక తప్పు.

నేను ఉన్నత పాఠశాలలో చదువు రోజులలో, మా వీధిలోని రైతు ఒకాయన, వరుసకు నాకు మామ, ఒక జాబు తెచ్చెను. తాను చిరకాలముగా సాగు చేసికొనుచున్న ఎకరము బంజరుకు పట్టా యిప్పింపుడని ఆయన ఒక కచ్చేరికి అర్జీ పెట్టుకొనియుండెను. దానికి జవాబు ఇంగ్లీషులో వచ్చినది. "అల్లుడూ, కాస్త చదివి చెప్పవయ్యా" అనెను. అందులో మీ అర్జీ "టర్న్‌డ్ డౌన్" అని యున్నది. నేను నిఘంటువు తీసితిని. 'టర్న్' అనగా త్రిప్పుట; 'డౌన్' అనగా క్రిందికి. "అర్జీని పై కచ్చేరివారు క్రింది కచ్చేరికి త్రిప్పి పంపినారు మామా, ఇక పని అయినట్లే" అని ధైర్యము చెప్పితిని. ఆయన సంతోషించి నా చేతిలో రెండు జామపండ్లు పెట్టి వెళ్ళెను.

"టర్న్ డౌన్" అనగా త్రోసివేయుట. జాబు చివర ముప్పది దినములలో అప్పీలు చేసికొనవచ్చునని కూడ నుండెను. పని అయినవానికి అప్పీలెందుకని ఆ వాక్యమును నేను దాటవేసితిని. మూడు నెలల పిదప మా పంతులుగారు ఆ కాగితము చూచి చెప్పినపుడు గాని సంగతి తెలియలేదు. అప్పటికి గడువు దాటిపోయెను. మామ నన్నొక్క మాట యనలేదు. కాని ఆ తరువాత ఇంగ్లీషు కాగితము వచ్చినపుడెల్ల పట్టణమునకు నడచిపోయి, రూపాయి యిచ్చి చదివించుకొనుచు వచ్చెను.

నిఘంటువులో తప్పు లేదు. విడివిడిగా రెండు మాటలకును సరియైన అర్థమే యిచ్చినది. రెండు మాటలు కలిసినపుడు మూడవ అర్థము పుట్టునని నేనెరుగను. మన భాషలో మాత్రము ఇది లేదా? కంటబడుట, మాటపడుట, జబ్బుపడుట – వీనిలో ఎవరు ఎక్కడ క్రింద పడుచున్నారు? అడిగినదానికి తిన్నగా చెప్పనివానిని "నీళ్ళు నములుచున్నాడు" అందుము. క్రొత్తగా తెలుగు నేర్చిన దొర యెవడైన ఆ మాట విన్నచో వాని నోటివంక చూడడా? 1868లో కార్ అను ఆంగ్లేయ సైనికోద్యోగి మన సామెతలను ప్రోగుచేసి మదరాసులో అచ్చువేయించెను. ఆయన ఇంగ్లీషు అనువాదముతోనే ఊరకొనక వివరణములు కూడ చేర్చెను. ఒట్టి అనువాదము చాలదని ఆయనకు తెలిసినది. నాకు తెలియుటకు ఒక ఎకరము ఖర్చయినది.

కొన్ని జాతీయముల వెనుక ఆ దేశపు చరిత్ర దాగియుండును. "టర్న్ ఎ బ్లైండ్ ఐ" అనునది చూచియు చూడనట్లుండుట. దీనిని నెల్సన్ కథతో ముడిపెట్టి చెప్పుదురు. 1794లో కార్సికా ద్వీపమున జరిగిన ముట్టడిలో ఆయనకు కుడికంటి చూపు పోయెను. 1801లో కోపెన్‌హేగెన్ నౌకాయుద్ధమున, పోరు మానుడని పై అధికారి పార్కరు జెండాలతో సంజ్ఞ చేయించెను. నెల్సన్ దుర్భిణిని ఆ గ్రుడ్డికంటికి ఆనించి, నాకు సంజ్ఞ కనబడుట లేదని పలికి యుద్ధము సాగించెనట! "రెడ్ టేప్" అను మాట, ఇంగ్లండులో ప్రభుత్వ పత్రములను కట్టు ఎర్రని నాడానుండి వచ్చినది. కచ్చేరి బీరువాలలోని దస్త్రపు కట్టలను చూచినవారికి దాని అర్థము నేను చెప్పనక్కరలేదు.

ఈ చిక్కు మనకే గాదు, ఇంగ్లీషు ఉగ్గుపాలతో వచ్చినవారికిని కలదు. ఒక విషయమును "టేబుల్" చేయుట యనగా బ్రిటనులో వెంటనే చర్చకు పెట్టుట. అమెరికాలో చర్చను వాయిదా వేయుట. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 చివర వాషింగ్టనులో ఉభయదేశముల సేనాధిపతులు కూడినపుడు, ఒక పత్రము విషయమున ఈ మాట వలననే పెద్ద వాదము నడచినదని చర్చిలు తన యుద్ధచరిత్రలో వ్రాసెను. తీరా చూడగా ఇరుపక్షములవారు కోరినది ఒకటే! వారు ఎదురెదురుగా కూర్చుండిరి గనుక తెలిసికొనిరి. జాబు చదువుకొనువానికి ఎదుట ఎవరుందురు?

తెలుగు చేయునపుడు మాటను గాక సందర్భమును పట్టుకొనవలెను. వారు కంచెమీద కూర్చుండినవాడందురు. మనము గోడమీది పిల్లి యందుము. గుఱ్ఱము పారిపోయిన పిదప సాలతలుపు వేయుట వారిది. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట మనది. మక్కికి మక్కిగా దింపినవన్నియు చెడ్డవని నేననను. "పచ్చజెండా చూపుట" మనదైపోయినది. రైలును మనమందరము చూచితిమి గదా! కాని పరిచయము లేనివారు మొదటిసారి కలిసి మాటలాడుటను "మంచు బద్దలు కొట్టిరి" అని వ్రాసినచో, చెరువు ఎన్నడును గడ్డకట్టని మన యూరిలో ఎవరికి బోధపడును?

విద్యార్థులకొక మాట. క్రియకు తోకగా వచ్చు చిన్నమాటలను చులకన చేయకుడు. "టర్న్ అప్" అనగా వచ్చి హాజరగుట. "టర్న్ డౌన్" సంగతి విన్నారు. పెద్ద నిఘంటువులలో ఇట్టివి మూలపదము క్రింద, సాధారణార్థములన్నియు ముగిసిన తరువాత, చివర నుండును. మొదటి అర్థము దగ్గర ఆగక అక్కడిదాక చదువుడు. గడువు వ్రాసియున్న కాగితమైనచో, అర్థమైనదనుకొన్నను ఇంకొకరికి చూపుడు.

కార్యదర్శిగారి అనుమతితో, నిఘంటువు ప్రక్కన ఒక నోటుపుస్తకము నుంచుచున్నాను. చదువునపుడు ఇట్టి పలుకుబడి తగిలినవారు, అది యున్న వాక్యమును పూర్తిగా అందులో వ్రాయుడు. తెలిసినవారు దాని క్రింద అర్థము వ్రాయుడు. మొదటి పుటలో మామగారి జాబులోని ఆ వాక్యమును ఈ ఉదయముననే వ్రాసితిని.